బెర్మాండ్సీ తోళ్లపేట

మా పుస్తకముల బీరువాలో పాత ఆంగ్లగ్రంథ మొకటి కలదు. హైదరాబాదునందు ఆబిడ్సు వీథిలో ఆదివారమునాడు పరచి అమ్ము పాతపుస్తకములలో దానిని కొంటిమి. లోపలి కాగిత మింకను గట్టిగనే యున్నది; పైని తోలు అట్ట మాత్రము ముట్టినపుడెల్ల ఎఱ్ఱని పొడియై అరచేతికి అంటుచున్నది. ఒకనా డాపొడిని దులుపుకొనుచుండగా మాకొక ప్రశ్న తోచినది. ఈ గ్రంథము రచించినవారి పేరు మొదటి పుటలోనే యున్నది. అచ్చువేసినవారి పేరు, ఊరు, సంవత్సరముకూడ నచ్చటనే కలవు. ఈ తోలును పదును చేసినవా రెవరు? ఏ కప్పుక్రింద, ఏ నీటిలో దీనిని నానవేసిరి? ఇరువదియేండ్లుగా పిల్లలకు చరిత్రము బోధించుచును మేమీ ప్రశ్న నొక్కనాడైన వేసికొనలేదు. కోటలను గూర్చి చెప్పితిమి, కోవెలలను గూర్చి చెప్పితిమి. పనివాని గోడలకును చరిత్ర ముండునని చెప్పలేదు. ఆ లోపమును కొంతవరకైన దీర్చుకొనుటకు విక్టోరియా రాణి కాలమునాటి ఒక తోళ్లపేటను, అందలి భవనములను గూర్చి చదువరులకు విన్నవింపదలచితిమి.

లండను వంతెన దాటి థేమ్సునది దక్షిణపు గట్టున తూర్పునకు మరలినచో బెర్మాండ్సీ యను పేట వచ్చును. అచ్చటి వీథుల పేర్లు చదివిన చాలును, అది ఎవరి పేటయో తెలియును. ఒకటి టానర్ వీథి, అనగా తోళ్లు పదును చేయువాని వీథి. ఒకటి లెదర్‌మార్కెట్ వీథి. ఒకటి మొరాకో వీథి. మొరాకో యన మేకతోలుతో చేయు మెత్తని రంగుతోలు. తోళ్లపని యచ్చట మధ్యయుగమునుండియు గలదు. 1703లో ఆన్ రాణి ఈ పేటలోని తోళ్లపనివారి సంఘమునకు రాజశాసన మిచ్చినది. పదునెనిమిదవ శతాబ్ది ముగియునాటికి ఇంగ్లండు తోలులో మూడవవంతు ఈ యొక్క పేటలోనే తయారగుచుండెనని చెప్పుదురు.

ఈ పని యచ్చటనే ఏల కుదురుకొన్నది? మొదటి కారణము నీరు. బెర్మాండ్సీ పల్లపునేల. నెకింజర్ అను చిన్నయేరును, దానినుండి చీలిన కాలువలును పేటయంతట వ్యాపించియుండెను. సముద్రపు పోటు నదిలో నెక్కినపుడెల్ల, దినమునకు రెండుమారులు, ఆ కాలువలు నిండుచు తీయుచు నుండెను. రెండవది చెక్క. తోలునకు వలయు ఓకుచెట్టు బెరడు కెంటు, సర్రే సీమల అడవులనుండి బండ్లపై వచ్చెడిది. మూడవది చర్మము. నదికావల నగరమందలి కసాయివీథులనుండి కావలసినంత దొరకెడిది. ఇక నాలుగవ కారణమును నగరపు పెద్దలు బహిరంగముగ చెప్పుకొనరు. తోళ్లపని కంపుకొట్టును. దాని ఫలము నగరమునకు కావలెను గాని దాని వాసన అక్కరలేదు. ఆ దేశమున గాలి సాధారణముగ పడమటనుండి తూర్పునకు వీచును. కావున కంపుగల వృత్తులన్నియు నదికావలకు, తూర్పునకు తొలగింపబడినవి. ఊరికి వెలుపల వాడ యనుపద్ధతి మన దేశమునందే పుట్టినదని మేమనుకొనుచుంటిమి. మతము వేరు, మాట వేరు, కాని మనుష్యుని ముక్కు అన్నిచోట్ల నొకటియే.

తోళ్ల కార్ఖానా కట్టడమును అర్థము చేసికొనవలెనన్న ముందు ఆ పనిని తెలిసికొనవలెను. అచ్చట గోడలు పనిని అనుసరించి లేచినవేగాని, పని గోడలను అనుసరింపలేదు. పచ్చిచర్మమును మొదట నీట నానవేసి, ఉప్పును మట్టిని వదలింతురు. పిదప సున్నపునీటి గుంటలో దింపుదురు. సున్నమునకు వెండ్రుకల కుదుళ్లు వదులగును. దానిని వాలుగా నిలిపిన కొయ్యదిమ్మపై పరచి, రెండు పిడులుగల వంపుకత్తితో పనివాడు వంగి ఒకవైపున వెండ్రుకలను, రెండవవైపున మాంసపు పొరను గీకివేయును. మన పల్లెలలో రంపెతో చేయుపని ఇదియే. తరువాత బెరడునీటి గుంటలు వచ్చును. మనవారు వీనిని లందలందురు. మొదట పలుచని వగరునీట ముంచి, దినదినమున కెక్కువ చిక్కని గుంటలోనికి మార్చుచు, కడపట తోలునకు తోలునకు నడుమ బెరడుపొడి చల్లి పేర్చి, నీరు నింపి విడిచిపెట్టుదురు. కరక్కాయ కొరికినపుడు నాలుక బిగిసినట్లు, బెరడులోని వగరు చర్మమును బిగించి క్రుళ్లకుండ జేయును. జోళ్ల అడుగులకు పనికివచ్చు దట్టపు తోలు ఇట్లు సిద్ధమగుటకు ఒక సంవత్సరము మొదలు ఏడాదిన్నర పట్టెడిది.

ఈ క్రమమే ఆ భవనములకు పునాదియైనది. తడిపని యంతయు నేలయంతస్తున జరుగును. నేలలో వరుసవరుసలుగ చెక్కతొడుగు గుంటలు, వాని నడుమ జారుడు బాటలు. పైయంతస్తులను మోయుటకు పోతయినుప స్తంభములు. మీదికి పోయినకొలది తేమ తగ్గి, పని సున్నితమగును. తోలు కోయువారికి, రంగువేయువారికి వెలుతురు కావలెను గనుక అచ్చట కిటికీలు దగ్గరదగ్గరగ నుండును. అన్నిటికంటె పైయంతస్తు ఆరబెట్టు కొట్టు. ఎండలో నారిన తోలు బిరుసెక్కి పగులును. అది నీడలో, మెల్లని గాలిలో నారవలెను. అందుచేత అచ్చటి గోడ ఇటుకగోడ కాదు, మూసి తెరువదగిన చెక్కరెప్పల గోడ. గాలి హెచ్చిన రెప్పలు మూయుదురు, తగ్గిన తెరతురు. శిల్పశాస్త్రము చదివిన వాస్తువేత్త యెవ్వడును ఆ రెప్పలను అందముకొరకు పెట్టలేదు. అయినను దూరమునుండి చూచువారికి ఆ భవనముల యందమంతయు ఆ రెప్పల వరుసలోనే యుండును.

ఈ పేటలోని కార్ఖానాలలో నెకింజర్ మిల్లులు పేరుపొందినవి. ఆ స్థలమున 1800 ప్రాంతమున మథయస్ కూప్స్ అనునతడు గడ్డినుండి కాగితము చేయుటకు యత్నించి నష్టపోయెను. పిమ్మట క్వేకరు మతస్థులైన బెవింగ్టన్ కుటుంబమువారు దానిని తీసికొని మేకతోళ్లు, గొఱ్ఱెతోళ్లు పదును చేయు కార్ఖానాగ మార్చిరి. 1836లో లండను గ్రీనిచ్ రైలుమార్గము వచ్చినది. ఎనిమిదివందలకు మించిన ఇటుక కమానులపై నెత్తిన ఆ రైలుకట్ట ఈ కార్ఖానా ప్రక్కనే పోవును. పందొమ్మిదవ శతాబ్ది నడుమ అబ్బీ వీథివైపున కట్టిన పెద్దభవనము లండను పసుపుపచ్చ ఇటుకతో, బారులు తీర్చిన కిటికీలతో నేటికిని నిలిచియున్నది. అందు అనవసరపు అలంకార మొక్కటియు లేదు. ఆ వంశమువాడైన సామ్యూల్ బోర్న్ బెవింగ్టన్ 1900లో బెర్మాండ్సీ పురపాలక మేర్పడినపుడు దానికి తొలి మేయరయ్యెను. టూలీ వీథిలో ఆయన కంచువిగ్రహ మున్నది.

కార్ఖానాలు పెరిగినకొలది వ్యాపారమునకు చోటు కావలసెను. 1833లో వెస్టన్ వీథిలో తోళ్లబజారు కట్టిరి. నడుమ ముంగిలి, చుట్టును గిడ్డంగులు. మన పాత సత్రముల కట్టడము జ్ఞప్తికి వచ్చును. దాని ప్రక్కనే 1878లో తోళ్ల, చర్మముల, ఉన్ని వర్తకుల విపణిభవనము లేచినది. దీనిని నిర్మించిన వాస్తువేత్తలు జార్జి ఎల్కింగ్టన్, అతని కుమారులు. కార్ఖానా గోడలు నిరాడంబరములైనట్లే ఈ భవనము ఆడంబరముగలది. ద్వారమున గడ్డములుగల మహాకాయులు వంగి బరువును భుజముల మోయుచున్నట్లు చెక్కబడియున్నారు. గోడపై గుండ్రని వలయములలో ఐదు శిల్పములు కలవు. చర్మము గీకువారు, గుంటలలో తోళ్లను ముంచువారు మొదలుగా ఈ వృత్తిలోని పనులు ఆ రాళ్లలో రూపుగట్టినవి. లోపల వర్తకులకు బేరమాడు మందిరము, కూర్చుండి మాటాడుకొనుటకు విడిది యుండెను.

చదువరు లొక్కనిమిష మీ శిల్పములయొద్ద నిలువవలెనని మా ప్రార్థన. దేవతలను చెక్కినవారు కలరు. రాజులను, యుద్ధములను చెక్కినవారు కలరు. లక్షలు చేతులు మారు వ్యాపారభవనపు ముఖమున చర్మము గీకువాని వంగిన వీపును చెక్కించుట సామాన్యము కాదు. మా సంపద ఈ చేతులనుండి వచ్చినదని ఒప్పుకొనుట అది. ఇంతవరకు వారిని మెచ్చుకొనవలసినదే.

అయితే ఆ వలయములలోనికి రానివా రెవరో కూడ చూడవలెను. మొరాకోవంటి మెత్తని తోలునకు సున్నపు దశ తీరిన పిదప, ఆ సున్నమును వదలించి చర్మమును పట్టువలె చేయుటకు కుక్కల మలమును వాడెడివారు. దానిని లండను వీథులలో ఏరి తెచ్చు నిరుపేదలుండిరి. వారిలో ముసలి స్త్రీలు పెక్కురు. హెన్రీ మేహ్యూ అను పత్రికారచయిత వారియొద్ద కూర్చుండి వారి కథలు విని, 1851లో వెలువడిన తన గ్రంథమున వ్రాసెను. బుంగెడు సరకునకు సాధారణముగ 8 మొదలు 10 పెన్నీలు ముట్టెడివని అందున్నది. ఆ తోలే కులీనస్త్రీల చేతితొడుగులయ్యెను, పుస్తకముల అట్టలయ్యెను. మేయరునకు విగ్రహ మున్నది. వర్తకునకు మందిర మున్నది. చర్మము గీకువానికి ఒక వలయ మున్నది. మలము నేరిన ముసలిదానికి మేహ్యూ పుటలు తప్ప వేరు జ్ఞాపకచిహ్నము లేదు.

నీటి సంగతియు నట్టిదే. కార్ఖానాలకు ప్రాణమైన ఆ కాలువలే పేదలకు త్రాగునీరు. 1849లో కలరా ప్రబలినపుడు మేహ్యూ బెర్మాండ్సీకి పోయి, తోళ్ల రంగు కలిసి నెత్తురువలె నెఱ్ఱబడిన కాలువను చూచెను. అందులోనికే మరుగుదొడ్లు దిగుచుండెను. అందుండియే జనులు కడవలతో నీరు తోడుకొనుచుండిరి. దూరదేశముల చర్మములు ఓడలపై వచ్చుట మొదలిడిన పిదప మరియొక మృత్యువు వచ్చినది. పశువులకు వచ్చు దొమ్మరోగములలో ఆంథ్రాక్సు అనునది చర్మమునంటి వచ్చి, మోయువారి మెడలపై, చేతులపై నల్లని పుండై లేచెడిది. సమీపమందలి గైస్ ఆసుపత్రి వైద్యు లట్టివారికి చికిత్సచేసి ఆ రోగమున నిపుణులైరి. ద్వారమున బరువు మోయు రాతిమనుష్యుని మెడకు పుండు లేదు. వాని యెదుట నడచిపోయిన కూలివాని మెడకు గలదు.

ఆ దూరదేశములలో మన దేశమొకటి. ఇక్కడ మన కథ బెర్మాండ్సీ కథతో కలియుచున్నది. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమునుండి మద్రాసు రాజధానిలో పదును చేసిన తోళ్లు లండనునకు విస్తారముగ ఎగుమతియగుచు, అచ్చట వేలమున అమ్ముడుపోవుచుండెను. మన చిన్నజాతి పశువుల తోళ్లకు అచ్చటి వర్తకులు ఈస్టిండియా కిప్పులని పేరుపెట్టిరి. మొదటి ప్రపంచయుద్ధకాలమున ఆంగ్లసైనికుల బూట్ల పైతోలునకై ప్రభుత్వము ఈ కిప్పులను తానే కొని తరలించినది. ఆ తోళ్లను బిగించిన వగరు ఓకుచెట్టుది కాదు, మన తంగేటిచెక్కది. మెట్టభూములలో, బాటల ప్రక్కల, ఎవరు విత్తకయే మొలచు తంగేడు. ఏ పూవును బతుకమ్మలో మొదటి వరుసగ పేర్చి మన ఆడపడుచులు పాడుదురో, ఏ పూవును 2014లో తెలంగాణ తన రాష్ట్రపుష్పముగ నెన్నుకొన్నదో, ఆ తంగేడే. పూవు దేవతయైనది. చెక్క లందలోనికి పోయినది. పూవును ముట్టిన చేతిని కన్నుల కద్దుకొంటిమి. చెక్కను ముట్టిన చేతిని దూరముగ నుంచితిమి.

మా పుస్తకపు ఎఱ్ఱపొడి జబ్బునకును ఈ చెక్కకును చుట్టరికము కలదు. గ్రంథాలయములలో తోలు అట్టలు త్వరగ పొడియై రాలుచున్నవని లండనులోని కళాపరిశ్రమల సంఘము ఒక విచారణసభను నియమించెను. ఆ సభ 1901లో, మరల 1905లో తన నిర్ణయములను ప్రకటించుచు, తంగేటిచెక్కవంటి కొన్ని వగరులతో పదును చేసిన మేకతోళ్లు, గొఱ్ఱెతోళ్లు పుస్తకములకు మన్నవనియు, సుమాకు ఆకుతో చేసినవి మేలనియు చెప్పినది. దీపపు గ్యాసు పొగయు ఆ చెరుపునకు తోడ్పడునని తేల్చినది. జోళ్లకును సంచులకును చక్కగ పనికివచ్చు తోలును చౌకయని గ్రంథములకు తొడుగుటలో తప్పు చెట్టుది కాదు. ఏది దేనికి తగునో విచారింపక కొన్నవారిది.

విజ్ఞానశాస్త్ర మీ వృత్తి రూపమును మార్చినది. 1884లో అమెరికాలో షుల్జ్ అనునతడు క్రోమియము లవణములతో తోలు పదునుచేయు విధానమునకు హక్కుపత్రము పొందెను. నెలలు పట్టు పని దినములలో ముగియసాగెను. మద్రాసులో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ 1903లో ఈ పరీక్షలను ప్రారంభించి, మన రైతుల కపిలబానలకు ఈ తోలు తగునేమో చూచెను. మెత్తపరచు పనికి కారణము మలము కాదు, అందలి పాచకద్రవ్యములు మాత్రమే యని గ్రహించి జర్మను శాస్త్రజ్ఞుడు ఓటో రోమ్ 1907 ప్రాంతమున పశువుల జీర్ణగ్రంథినుండి శుభ్రమైన పొడిని తయారుచేసెను. చదువరులు దీనిని గమనింపవలెను. వేలయేండ్లు ‘అశుచి’ యనుకొన్నది ఒక రసాయనిక గుణముగ తేలి, సీసాలో పట్టినది. పనిలోని మురికి పోగొట్టదగినదే. దానిని పోగొట్టుటకు బదులు పనివానిని పోగొట్టుకొనుట యెంత తెలివిమాలినతనము!

గుంటలకు పని తగ్గెను. విపణిభవనమున బేరములు 1912లో నిలిచిపోయెను. కార్ఖానాలొక్కొక్కటియే మూతపడి, ఇరువదవ శతాబ్ది ముగియులోపల ఆ పేట వాసన పూర్తిగ పోయినది. గోడలు మాత్రము పోలేదు. ప్రభుత్వము పెక్కింటిని చరిత్రభవనములుగ రక్షించినది. తోళ్లబజారునందు నేడు కార్యాలయములు, చేతిపనుల గదులు కలవు. కంపునకు వెఱచి నగరము వెలివేసిన చోట నేడు ధనవంతులు నివసింతురు. అయినను వీథిపేర్లు మార్చుకొనలేదు, శిల్పములు చెక్కివేయలేదు. మేము తోళ్లపేటవారమని చెప్పుకొనుటకు సిగ్గుపడుట లేదు.

మనమాట యేమి? మాకు సంస్కృతము నేర్పిన గ్రంథములలోనే కృష్ణాజినము పవిత్రము. వటువు దానిని ధరించును, ముని దానిపై కూర్చుండును. మృదంగమునకు చర్మము లేక నాదము లేదు. చర్మకారుని మాత్రము మనుస్మృతి సంకరజాతులలో చేర్చినది. ఇది గ్రంథస్థమైన విషయము. గ్రంథమున కెక్కనిది మా తండ్రిగారు చెప్పుచుండిరి. మా తాతగారి బావికి కపిల యుండెడిది. బాన చినిగినపుడు మాదిగవాడనుండి ఒక పెద్దమనిషి వచ్చి, గట్టునకు దూరముగ చింతచెట్టుక్రింద కూర్చుండి, ఆరెతో కుట్టి బాగుచేసి పోయెడివాడట. ఆ బానతో తోడిన నీటితో మా పొలము పండెను. ఆ ధాన్యముతో మా దేవునికి నైవేద్యము పెట్టితిమి. ఆయనకు దప్పికయైనపుడు మాత్రము నీటిని పైనుండి దోసిట పోసెడివారట. ఆ పెద్దమనిషి పేరేమని మేమడిగితిమి. మా తండ్రిగారికి జ్ఞప్తి లేదు. బావి త్రవ్వించిన సంవత్సరము జ్ఞప్తియందున్నది. ఎద్దుల పేర్లుకూడ జ్ఞప్తియందున్నవి.

1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము పదునేడవ యధికరణముచే అస్పృశ్యతను రద్దుచేసినది. శాసనము చేయవలసినది శాసనము చేసినది. జ్ఞాపకము చేయవలసినది మనమే చేయవలెను. బెర్మాండ్సీ భవనములు మనకు నేర్పునది వారి గొప్పతనము కాదు. వారును సగమే జ్ఞాపకముంచుకొనిరని చూచితిమి. కాని ఆ సగమైన రాతికెక్కినది. మన గ్రామచరిత్రములు వ్రాయువారు కోవెల, కోట, చెరువులతోబాటు లంద యెచ్చట నుండెనో గుర్తింపవలెను. లంద, రంపె, ఆరె, కపిలబాన అను మాటల యర్థము తెలిసిన వృద్ధు లింకను కొందరు కలరు. వారియొద్దకు పోయి కూర్చుండి, వారి పేర్లతో సహా వ్రాసికొనవలెను. మా తరగతి పిల్లల కీ సంవత్సరము ఈ పనినే యప్పగించితిమి. మొదటి పేరు తెచ్చిన బాలిక తన తాతగారి పేరునే తెచ్చినది. తరగతియందు నిలువబడి దానిని గట్టిగ చదివినది.

మా పుస్తకపు అట్ట ఇంకను రాలుచునే యున్నది. దానిని మార్పించుమని మిత్రులు చెప్పుచున్నారు. మార్పింపము. చేతికంటిన ఆ ఎఱ్ఱపొడిని మునుపటివలె వెంటనే దులుపుకొనుటయు లేదు.